పత్తి లెక్క, పని లెక్క



ఆగస్టు 15న మిల్లు గేటు వద్ద జెండా ఎగురుతుంది. మిఠాయి పంచుతారు, ఉపన్యాసాలిస్తారు. ఆ జెండా వెనకనున్న లెక్కలు మాత్రం ఎవరూ చెప్పరు. స్వాతంత్ర్యోద్యమం ఆకాశం నుండి ఊడిపడలేదు. మా సొమ్ము ఎటు పోతోందని జనం లెక్క అడగటంతో మొదలైంది.

మన సింధనూరు సంగతే చూడండి. బ్రిటిషు అధికారుల కింద నడిచిన హైదరాబాదు కంటింజెంటు సైన్యం ఖర్చు నిజాం నెత్తిన పడింది. ఆ బాకీ చూపి 1853లో డల్హౌసీ ప్రభుత్వం బీరారుతో పాటు మన రాయచూరు అంతర్వేదిని కూడా తన చేతిలోకి తీసుకుంది. 1860లో మన నేల తిరిగి నిజాంకిచ్చారు. పత్తి పండే బీరారును మాత్రం వదల్లేదు.

పత్తి ఇక్కడ పండాలి, గుడ్డ మాంచెస్టరు నుండి రావాలి. ఇదీ దొరల నీతి. మన మిల్లులు పోటీకి నిలిచేసరికి 1896లో దిగుమతి గుడ్డపై వేసిన మూడున్నర శాతం సుంకాన్నే దేశీ మిల్లు గుడ్డపైనా వేశారు. మన గడ్డ మీద నేసిన గుడ్డకు మనమే జరిమానా కట్టుకోవాలా? ఈ ప్రశ్న దేశమంతా రగిలింది. ఆ సుంకం రద్దయింది 1926లో. ముప్పై ఏళ్లు పట్టింది!

అయితే అది ప్రధానంగా మిల్లు యజమాని లెక్క. మరి కార్మికుని లెక్క? జౌళి మిల్లుల్లో మగవారి పనికి రోజుకు 12 గంటల హద్దు పెట్టింది 1911 చట్టం. అంతకు ముందు ఆ హద్దు కూడా లేదు. అయినా 1908లో తిలక్‌కు ఆరేళ్ల శిక్ష పడితే బొంబాయి మిల్లు కార్మికులు ఆరు రోజులు సమ్మె కట్టారు. తుపాకి గుండ్లకు బలయ్యారు. దేశం లెక్కలో తమ నెత్తురు కలిపారు.

తమ సొంత లెక్క మాత్రం తామే రాసుకోవలసి వచ్చింది. 1918లో మద్రాసు బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికులు భోజనానికి అరగంట చాలదన్నారు. ఆ చిన్న కోరికతోనే మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది. ఆ యూనియన్ నాయకులపై కంపెనీ కోర్టుకెక్కింది. సంఘం పెట్టుకోవటమే నేరమా అన్న ప్రశ్న అక్కడ లేచింది. ఆ పోరాటాల ఒత్తిడితోనే 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది.

మన ప్రాంతానికి 1947 ఆగస్టులో కూడా విడుదల రాలేదు. 1948 సెప్టెంబరు 17 దాకా ఆగాలి. తుంగభద్ర కాలువ వచ్చాక మన పెద్దలు కోస్తా నుండి వచ్చి క్యాంపుల్లో స్థిరపడ్డారు. ఇక్కడి కన్నడ సోదరులు పోరాడి తెచ్చుకున్న ఆ విడుదల ఫలంలో మనమూ పాలుపంచుకుంటున్నాం. అది మరువరాదు.

దొరతో లెక్క తేలినంత మాత్రాన యజమానితో లెక్క దానంతటదే తేలదు. చరిత్ర మనకు నేర్పింది ఇదే. కనుక ఆవేశపడి అరవటంతో ఆగవద్దు. డిపార్టుమెంటుకో నోటుపుస్తకం పెట్టండి. పని గంటలు, ఓవర్‌టైము, పి.ఎఫ్. కోత, దూది దుమ్ముతో జబ్బుపడి సెలవు పెట్టిన రోజులు తేదీలతో సహా రాయండి. పర్మినెంటు, కాంట్రాక్టు అని పేజీలు విడదీయకండి.

రాసిన లెక్కను కాదనటం ఎవరికైనా కష్టమే. అడగని లెక్క ఎన్నటికీ తేలదు.