జరీ క్రింది మెత్త

వార్షిక ప్రదర్శనమునాడు కుట్టుపని బల్లయొద్ద నిలిచినవారు బాలికల నడుగు మొదటి ప్రశ్న యొక్కటే: "ఇది పూర్తియైనదా?" మెత్తపై జరీతో చేయు ఉబ్బెత్తు కుట్టుపనికి ఈ ప్రశ్న తగదని మా యభిప్రాయము. నరసాపురపు లేసును సగమే అల్లినను, అల్లినంత మేర కన్నులకు కనబడును. ఉబ్బెత్తు జరీపనియం దట్లు కాదు. ముందుగా జరుగు శ్రమ యంతయు మరుగుపడిపోవును. కంటికి కనబడు మెరుపు కడపట వచ్చును. కావున పూర్తియైనదానికే మెప్పును, మార్కులును ఇచ్చు వాడుకను మార్చవలెనని తల్లిదండ్రులకును, తోడి యుపాధ్యాయులకును ఈ సంచిక మూలమున మనవి చేయుచున్నాము.

ఈ పని నెరుగనివారికొరకు దాని క్రమమును కొంచెము చెప్పుదుము. మొదట గట్టి నూలుగుడ్డను చట్రమునకు డోలు చర్మమువలె బిగించి, దానిపై పట్టుగుడ్డను కుట్టుదురు. పిదప పువ్వు ఎంత ఎత్తు లేవవలెనో నిర్ణయించుకొని, పసుపుపచ్చని ఫెల్టు గుడ్డను మూడు పరిమాణములలో కత్తిరింతురు. మిక్కిలి చిన్న ముక్కను ముందుగా కుట్టి, దానిపై నడిమిదానిని, అన్నిటికిని పైన పెద్దదానిని కుట్టుదురు. పెద్దది క్రిందనుంచి చిన్నవి పైన పేర్చినచో అంచులు మెట్లవలె కనబడును. చిన్నది క్రింద నున్నచో పైముక్క దానిని కప్పి, నున్నని వంపు తేరును. కాడలకు ఫెల్టు కుదురదు. మెత్తని నూలుత్రాళ్లకు తేనెమైనము రాచి, కట్టగా పరచి కుట్టుచు, కొన సన్నగిలుటకై కట్ట యడుగునుండి ఒక్కొక్క పోగును కత్తిరించుచు పోవుదురు. జరీ సందులలో మెత్త తొంగిచూచినను తెలియకుండుటకే దానికి పసుపువన్నె. వెండిజరీ యైనచో బూడిదవన్నె గుడ్డను వాడుదురు.

ఇంతవరకు జరీ గుడ్డను తాకనైన లేదు. ఇక జరీపోగులను రెండేసి చొప్పున పరచి, మైనము రాచిన సన్నదారముతో అడ్డముగా కుట్టి బిగింతురు. ఒక వరుస కుట్లు రెండవ వరుస కుట్ల నడుమ పడవలెను; గోడలో ఇటుకల నట్లే కదా పేర్చుదురు. పోగుల కొసలను పెద్దసూదితో గుడ్డ వెనుకకు లాగి అచ్చట కుట్టివేయుదురు. స్ప్రింగువలె చుట్టిన బోలుతీగను, అనగా మగ్గము దుకాణములలో జర్దోసీ యనబడుదానిని, మెత్త వంపునకు సరిపోవునట్లు ముక్కలుగా కోసి, పూసవలె సూదికెక్కించి కుట్టుదురు. ముక్క కొంచెము పొడవైనచో వంగి చిట్లును. కొంచెము పొట్టియైనచో మెత్త బయటపడును. వంపుమీద వెలుగు పడి తళుక్కుమనుటయే ఈ పని యందము. ఆ వంపు నిచ్చినది జరీ కాదు, దాని క్రింది మెత్త. మెత్త సరిగా లేనిచోట ఎంత జరీ పరచినను ఆ లోపమే ముందుగా మెరయును.

ఇక కాలము మాట. వారమునకు 40 నిమిషముల పీరియడ్లు రెండు చొప్పున 30 వారములు పనిచేసినను, ఒక బాలికకు ఏడాదిలో దొరకునది 40 గంటలే. 1953లో ఇంగ్లండు రాణి రెండవ ఎలిజబెత్ పట్టాభిషేకానంతరము ధరించిన ఊదావన్నె రాజవస్త్రముపై, లండనులోని రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్‌నకు చెందిన 12 మంది 18 రకముల బంగారు దారములతో పనిచేయగా 3,500 గంటలకు పైగా పట్టినది. 1872లో స్థాపింపబడిన ఆ విద్యాలయమున ఆరితేరినవారి సంగతియే యిట్లుండగా, పదమూడేండ్ల బాలిక అరచేతియంత పువ్వునకు మెత్త చక్కగా కుట్టి, రెండు రేకులకు జరీ పరచుట కొరత యెట్లగును? అది చెప్పుకొనదగిన పురోగతియే.

అట్లు చెప్పుకొనుటకు వీలు లేకపోవుటచేత ఏమి జరుగుచున్నదో పలు ప్రదర్శనములలో చూచియున్నాము. వారము ముందుగా పని యింటికి పోవును. మగ్గమువారి చేతిలో పూర్తియై తిరిగివచ్చును. లేదా మెత్తనే మానివేసి, జరీని జిగురుతో అంటింతురు. బహుమానము దానికి వచ్చును. తన చేతితో మెత్తవరకే కుట్టిన బిడ్డ తన చట్రమును బల్లక్రింద దాచుకొనును. ఆనాడు మొదటి బిడ్డ నేర్చుకొన్నది, డబ్బిచ్చి చేయించిన పనిని తనదని చెప్పుకొనవచ్చుననుట. రెండవ బిడ్డ నేర్చుకొన్నది, నిజమైన శ్రమ సిగ్గుపడదగినదనుట. ఈ పాఠములను నేర్పుటకు మనము బడి పెట్టలేదు.

మగ్గమువారిని తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. పారసీక భాషలో జర్ అనగా బంగారము, దోజీ అనగా కుట్టుపని. ఆ పేరుగల విద్య అక్బరు కాలమునాటి అయినీ అక్బరీ గ్రంథమున పేర్కొనబడినది. లక్నో జర్దోజీకి 2013లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ విద్యావంతుని చేతిపనిని, అతని పేరైన చెప్పక, మన బిడ్డ పేరుతో బల్లపై నుంచుట అతనికిని అన్యాయమే. మరియు అడ్డలయొద్ద కూర్చుండి ఈ పని చేయువారిలో పురుషులు పెక్కుమంది గలరు గనుక, సూది ఆడుపిల్లలదే యను మాటను మన బాలురును ఇక విడువవలెను.

కంప్యూటర్ ఎంబ్రాయిడరీ యంత్రము ఇట్టి పువ్వును కొద్దిసేపటిలో కుట్టివేయుచుండగా ఈ ప్రయాస ఏల యని కొందరందురు. పువ్వే కావలసినచో యంత్రమే మేలు. బడిలో మనకు కావలసినది పువ్వు మాత్రమే కాదు. కొలిచి కోయుట, తప్పిన కుట్టును విప్పి మరల కుట్టుట, ఫలము కనబడకున్నను పని సాగించుట. పదవ తరగతివారికి పరీక్షల యేడు ఈ పని పెట్టవలదనువారితో మాత్రము మేమును ఏకీభవింతుము. క్రింది తరగతులలో వారమునకు రెండు పీరియడ్లవలన ఏ చదువును చెడదు.

కావున మా సూచనలు మూడు. మొదటిది: రాబోవు ప్రదర్శనమున సగములోనున్న పనులకు వేరొక బల్ల నేర్పరచి, మెత్తను కప్పకయే యుంచి, పని ఏ దశలో నున్నదో చీటి వ్రాసి పెట్టవలెను. రెండవది: మార్కులలో సగము మెత్తకును, గుడ్డ వెనుక వైపునకును కేటాయించి, పరీక్షించువారు చట్రమును తిరుగవేసి చూడవలెను. మూడవది: ఏనాడు ఎంతసేపు కుట్టినదియు, ఎంత విప్పినదియు ప్రతి విద్యార్థియు ఒక చిన్నపుస్తకమున వ్రాసికొనవలెను. ఆ పుస్తకమును చూచినవారికి పని ఎవరిదో వేరుగ చెప్పనక్కరలేదు.

తల్లిదండ్రులారా, సెలవులలో చట్రము ఇంటికి వచ్చినప్పుడు దానిని పూర్తిచేయించుటకై తొందరపడవలదు. చేతి చెమటకు జరీ నల్లబడును గనుక, చేతులు కడుగుకొని కూర్చుండుమని బిడ్డకు చెప్పి, పని ముగిసిన వెంటనే శుభ్రమైన నూలుగుడ్డ కప్పించిన చాలును. పిమ్మట ఈ నెలలో ఎంత జరిగినదని అడిగి, చూపినంతవరకు నిదానముగా చూడుడు. విద్యార్థులారా, మీరును పసుపుపచ్చని ఫెల్టు దశలోనే చట్రమును వెలుగునకు తెండు. అది మీ చేతిపని యనుటకు అంతకంటె మంచి సాక్ష్యము లేదు.