హునర్ మనది, దర్వాజా మూసిందెవరు?

మన బస్తీల్లో గోడ కట్టే చేతులకు కొదవ లేదు. మేస్త్రీలు, సెంట్రింగ్ వాళ్లు, టైల్స్ వాళ్లు, పెయింటర్లు ఇంటికొకరుంటారు. 1591 నాటి చార్మినార్ గురించీ, షహర్‌కి నక్షా వేసిన మీర్ మోమిన్ గురించీ తఖ్రీర్లలో చెప్పుకుని మురిసిపోతాం. మరి నక్షా మీద సంతకం పెట్టే పిల్లలు మన ఇళ్లలో ఎందరు?

ఖానూన్ సంగతి సాఫ్‌గా చెప్తాను. 1972 చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్లే 'ఆర్కిటెక్ట్' అని బోర్డు రాసుకోవాలి. దానికి ఐదేళ్ల బీఆర్క్ చదవాలి. బీఆర్క్‌కి ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి, లేదంటే మ్యాథ్స్ ఉన్న మూడేళ్ల డిప్లొమా. ఐటీఐ సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. ఆపైన నాటా, లేదా జేఈఈ మెయిన్‌లో ఆర్కిటెక్చర్ పేపర్. విజయవాడ ఎస్పీఏకి జేఈఈ పేపరే కావాలి, నాటా పనికిరాదు.

అంటే దర్వాజా మూసుకునేది ఇమ్తెహాన్ రోజున కాదు, పదో తరగతి అయిన ఎండాకాలంలో. బొమ్మలు బ్రహ్మాండంగా గీసే బేటీని 'డాక్టరవుతుందిలే' అని బైపీసీలో వేస్తాం. కొడుకుని 'తొందరగా కమాయిస్తాడు' అని ఐటీఐకి పంపుతాం. నాటాలో 200 మార్కులకు 80 డ్రాయింగ్‌వే. ఆ 80 తెచ్చుకోగల చెయ్యి మ్యాథ్స్ లేక గడప బయటే ఆగిపోతోంది.

తప్పంతా అమ్మీ అబ్బాల మీదే వేసేస్తే ఇన్సాఫ్ కాదు. బీఫార్మసీలో మ్యాథ్స్ చదవని బైపీసీ పిల్లలకు మొదటి సెమిస్టర్‌లో రెమెడియల్ మ్యాథ్స్ పెట్టారు. మందులు చేసే చదువుకి కుదిరింది ఇళ్లు గీసే చదువుకి ఎందుకు కుదరదు? ఆర్కిటెక్చర్‌కి లెక్కలు అక్కర్లేదని నేననడం లేదు. లెక్కలు తర్వాతైనా నేర్పొచ్చు, నజర్ నేర్పడం కష్టం. ముందు నేర్పగలిగేదాన్ని అడ్డం పెట్టి, నేర్పలేనిదాన్ని బయటికి నెట్టడం ఎక్కడి అఖల్?

ఖానూన్ మారేదాకా చేతులు ముడుచుకు కూర్చోలేం. పదో తరగతి పిల్లలున్న ప్రతి ఇంటికీ నా గుజారిష్ ఇదే: గ్రూపు రాయించే ముందు పిల్లల నోట్‌బుక్కు వెనక పేజీలు తిప్పి చూడండి. అక్కడ ఇళ్లు, మీనార్లు, మెట్లు కనిపిస్తే ఎంపీసీలో వెయ్యండి, లేదా పాలిసెట్ రాయించి పాలిటెక్నిక్‌కి పంపండి. మస్జిద్ కమిటీలు జుమ్మా తర్వాత ఈ మాట ఐదు నిమిషాలు చెప్పినా చాలు.

ఇటుక మోసిన భుజాలకి నక్షా గీసే హఖ్ కూడా ఉంది. అడిగి తీసుకుందాం.