దీపం ఎవరి చేతిలో వుంది?

ఆమధ్య ఒక అధ్యయన తరగతిలో మతం మీద ఉపన్యాసం జరిగింది. వక్త బాగా చదువుకున్నవాడు, మాట నేర్పు వున్నవాడు. ఉపన్యాసం ముగిశాక వెనక బల్ల నుంచి ఒక విద్యార్థి లేచాడు. "మా అమ్మ పొలం కూలికి పోతుంది మాస్టారూ. బడి మొహం చూడలేదు. బైబిలు చదవడం కోసమే పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకుంది. తెల్లవారుజామున ఒక అధ్యాయం చదివిగాని పనికి పోదు. అది తనకు దారి చూపే వెలుగు అంటుంది. ఆమెకు నేనేం చెప్పాలి?" అని అడిగాడు. "ముందు ఆ నల్లమందు మాన్పించు, మిగతా సంగతులు తర్వాత చెప్పొచ్చు" అన్నాడు వక్త. సభ గొల్లుమన్నది. నేనూ నవ్వాను. కుర్రవాడు కూర్చున్నాడు. ఆ తర్వాత ఏ తరగతికీ రాలేదు.

నా నవ్వుకు నేను సంజాయిషీ చెప్పుకోవలసి వుంది. ఈ వ్యాసం అదే.

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. బైబిలు దైవదత్తమనీ అనుకోను. ఈ మాట ముందే చెప్పడం మంచిది. లేకపోతే తర్వాత నేను చెప్పబోయేదంతా పాత భక్తి ముదిరి బయటపడిందని కొందరు మిత్రులు తేల్చేస్తారు. నా ఫిర్యాదు ఒక్కటే. ఆ కూలి స్త్రీ ప్రశ్నకు మనం యిచ్చింది భౌతికవాద సమాధానం కాదు; భౌతికవాదం పేరు పెట్టుకున్న సోమరితనం.

నల్లమందు అన్న మాట వాడేవాళ్ళలో ఎంతమంది ఆ వ్యాసం మొత్తం చదివారో నాకు అనుమానమే. 1844లో అచ్చయిన ఆ వ్యాసంలో, ఆ మాటకు సరిగ్గా ముందు, మతంలో అణగారినవాళ్ళ వేదన ఎలా గూడుకట్టుకుంటుందో, ఆ వేదన మీద వాళ్ళ నిరసన కూడా అందులోనే ఎలా వినిపిస్తుందో మార్క్స్ చెప్పాడు. ఆ భాగాన్ని వదిలేసి ఒక్క మాటను తుంచుకుని జేబులో వేసుకు తిరగడం, ఒక్క వచనాన్ని పట్టుకుని ఊళ్ళు తిరిగే బోధకుడి పనికంటే ఏ విధంగా మెరుగు?

ఇక ఆ స్త్రీ వాడిన ఉపమానానికి వద్దాం. దేవుని వాక్యాన్ని పాదాలకు దీపంతో పోల్చింది 119వ కీర్తన. విశ్వాసులకు అత్యంత ప్రియమైన పోలిక అది. మంచి పోలికే. పాదాలకు పట్టిన దీపం నాలుగడుగుల మేర చూపిస్తుంది. ఎటు పోవాలో మాత్రం అది చెప్పదు. నడిచేవాడి అవసరం చెపుతుంది. దాన్ని ఎవరు పట్టుకున్నారు, ఎటు తిప్పారు, ఏది చీకట్లో వదిలేశారు అన్నదే అసలు ప్రశ్న. ఈ ప్రశ్నకు సమాధానం వేదాంతంలో దొరకదు, చరిత్రలో దొరుకుతుంది. ఆ చరిత్ర దూరాన యెక్కడో లేదు, గుండ్లకమ్మ ఒడ్డునే వుంది.

1860 దశాబ్దంలో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోలులో స్థిరపడ్డాడు. ఆయన దగ్గరికి మొదట వచ్చిన మాదిగల్లో ఎర్రగుంట్ల పేరయ్య ముఖ్యుడు. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగినవాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. పేరయ్య వెంట మాదిగలు రావడం మొదలయ్యేసరికి ఒంగోలులోని అగ్రకులాల పెద్దలు క్లౌకు ఒక సంగతి స్పష్టం చేశారు: ఆ మాదిగలను చేర్చుకుంటే మేము మీ మతం ఛాయలకు రాము. తన పుస్తకంలో ఆయన రాసుకున్నదాన్ని బట్టి, ఏం చెయ్యాలో తోచక ఆయనా, భార్యా వేరువేరు గదుల్లో బైబిలు తెరిచారు. ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కంటబడింది. దేవుడు ఎంచుకున్నవాళ్ళలో జ్ఞానులూ ఘనులూ తక్కువేనని పౌలు చెప్పే చోటు అది. మాదిగలను చేర్చుకోవాలని నిశ్చయించుకున్నారు.

ఇద్దరికీ ఒకే పుట తెరుచుకోవడం దైవఘటన అని క్లౌ నమ్మాడు. ఆ ఘటనతో నాకు పని లేదు. మదురైలో 1606లో అడుగుపెట్టిన రాబర్టు డి నొబిలి కూడా ఆ పుస్తకాన్నే చదివాడు. చదివి, కాషాయం కట్టి, బ్రాహ్మణుల ఆచారాలు పాటించి, కింది కులాలతో కలిసి కూర్చోకుండా పై కులాలకు బోధించాడు. ఆ పద్ధతికి 1623లో రోము ఆమోదం కూడా దొరికింది. పుస్తకం ఒకటే. మదురైలో అది కులానికి గొడుగు పట్టింది, ఒంగోలులో కులం గడప దాటింది. తేడా పుటల్లో లేదు. పేరయ్యా, ఆయన వెంట వచ్చినవాళ్ళూ వాకిట్లో నిలబడి వుండడంలో వుంది. వాళ్ళు రాకపోతే క్లౌ దొరగారి దంపతులకు ఆ పుట తెరుచుకున్నా కనిపించేది కాదు.

క్రైస్తవం పుచ్చుకున్న మాదిగలకు క్లౌ పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. పైకి ఇవి పక్కా పాదిరీ నియమాలు. మన విమర్శకులు ఇక్కడే పుస్తకం మూసేస్తారు. కాస్త ఆగి ఆనాటి పల్లెను చూడండి. మాదిగ రైతు కింద తరతరాలుగా కట్టుబడి వున్నవాడు; వారంలో ఏ రోజున, ఏ పూట పిలిచినా పోవాలి. చచ్చిన గొడ్డును ఈడ్చుకు పోవడం అతని విధి, ఆ గొడ్డు మాంసమే ఆ పనికి దక్కే ప్రతిఫలం. అమ్మవారి జాతరకు డప్పు కొట్టడం కూడా అతని విధే. ఇప్పుడు ఆ మూడు నియమాలనూ మళ్ళీ చదవండి. ఒక్కొక్కటీ ఒక్కొక్క వెట్టి మీద పడ్డ దెబ్బ! ఏడో రోజున పనికి రానన్న మాదిగ, తెలిసో తెలియకో, వారానికొక సమ్మె చేశాడు.

ఈ సంగతి మన సిద్ధాంతకర్తలకంటే ముందు రైతులకూ కరణాలకూ అర్థమైంది. అందుకే ఆదివారం కూలికి రానివాళ్ళను కొట్టారు, పనులు మాన్పించారు, నీళ్ళు అందకుండా చేశారు. గుడిసెలో కూర్చుని పరలోకం గురించి పాటలు పాడుకున్నందుకు ఎవరూ ఎవరినీ కొట్టరు. విశ్రాంతి దినాన్ని గురించిన ఆజ్ఞకు ద్వితీయోపదేశకాండం చెప్పే కారణం గమనించదగ్గది: మీరు ఐగుప్తులో బానిసలుగా వుండేవారని గుర్తు పెట్టుకోండి, మీ దాసుడికీ దాసికీ కూడా విశ్రాంతి యివ్వండి అని దాని సారాంశం. ఈ మాట అనేక తరాలుగా వెట్టి చేస్తున్నవాడి చెవిన పడితే ఏమవుతుంది? అది నల్లమందుగా పని చేస్తుందా, నిద్ర మేల్కొలుపుతుందా?

తర్వాత 1876-78 కరువు వచ్చింది. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని క్లౌ గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు పని ముగిశాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ళల్లో దిగి ఆ పని చేసినవాళ్ళు దేశీయ బోధకులు. బియ్యం కోసం మారారనే వెక్కిరింత ఈ దేశంలో యెంత పాతదో అంత తేలిక. బియ్యం కోసమే అయితే మాత్రం తప్పేమిటని నేను అడుగుతాను. ఆకలితో వున్నవాడు అన్నం పెట్టినవాడి మాట వినడం నేరమా? కాని యిక్కడ ఆ వెక్కిరింత వాస్తవానికి కూడా సరిపోదు.

అయితే ఇదే కథలో దీపం తిరగని వైపు కూడా వుంది. అదే కరువులో, 1877లో, సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానిలో కరువు కూలిని రోజుకు ఒక పౌను గింజల స్థాయికి తగ్గించాడు. జనం చస్తూంటే దేశం నుంచి ధాన్యం ఎగుమతులు ఆగలేదు. కాలువ తవ్వించిన మిషనరీ గంజి పోశాడు, మందులు యిచ్చాడు, ప్రాణాలు నిలిపాడు. కాని ధాన్యం ఓడ ఎక్కించే ప్రభుత్వాన్ని ఫరోతో పోల్చలేదు. మాదిగ మీద కరణం జులుంను ఆ వెలుగులో చూపించారు. కరణం పైన కలెక్టరునూ, కలెక్టరు పైన కంపెనీలనూ చూపించలేదు.

ఈ పుస్తకాన్ని ఏలినవాళ్ళు ఎంత భయంతో చూశారో తెలియాలంటే 1807లో లండనులో అచ్చయిన ఒక బైబిలును గురించి తెలుసుకోవాలి. బ్రిటిష్ వెస్టిండీస్‌లోని నీగ్రో బానిసల కోసం ప్రత్యేకంగా ఏర్చి కూర్చిన బైబిలు అది. ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యం నుంచి బయటపడే కథ అందులో లేదు, కత్తిరించేశారు. దాసులు యజమానులకు లోబడాలని ఎఫెసీయులకు రాసిన పత్రికలో వున్న మాటలను భద్రంగా వుంచారు. తోటల యజమానులకు ఈ పుస్తకంలో ఏ పుట నల్లమందో, ఏ పుట మందుగుండో బాగా తెలుసు. మనకే తెలియదు! 1525లో జర్మను రైతులు తిరగబడినప్పుడు థామస్ మున్‌ట్జర్ అదే బైబిలు చేతబట్టి వాళ్ళ పక్షాన నిలిచాడు. దాన్ని జర్మనులోకి అనువదించిన లూథరు ప్రభువుల పక్షాన నిలిచి రైతులను అణచమన్నాడు. ఎంగెల్స్ ఈ యుద్ధం మీద 1850లో ఒక గ్రంథమే రాశాడు. మున్‌ట్జర్ భక్తిని చూసి ఆయన నవ్వలేదు. ఆ భక్తి వేషంలో ఏ వర్గం మాట్లాడుతున్నదో విప్పి చూపించాడు.

ఇక మన చర్చిల సంగతి. 1807 నాటి కత్తెర యిప్పుడు అచ్చాఫీసులో లేదు, ప్రసంగ వేదిక మీద వుంది. లేవీయకాండం 25వ అధ్యాయం యాభయ్యో ఏట భూమి పోగొట్టుకున్నవాడికి తిరిగి రావాలంటుంది. యాకోబు పత్రిక 5వ అధ్యాయం చేలు కోసిన కూలీలకు ఎగ్గొట్టిన కూలి మొర పెడుతున్నదంటుంది. ఆస్తి ఉమ్మడిగా పెట్టుకున్న మొదటి విశ్వాసుల సంగతి అపొస్తలుల కార్యాల్లో వుంది. వీటి మీద ఎన్ని ప్రసంగాలు విన్నారు? అధికారులకు లోబడమనే రోమా పత్రిక 13వ అధ్యాయం మీద ఎన్ని విన్నారు? స్వస్థత సభలూ, అభిషేక తైలం సీసాలూ, దశమభాగాల లెక్కలూ పెరిగిన కొద్దీ ఆ పుటలు ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి. చర్చిలోపల కులం కూడా చెక్కు చెదరలేదు. ఒక సంఘంలో మాలలు, ఒక సంఘంలో మాదిగలు; మరో చోట రెడ్డి, కమ్మ క్రైస్తవులు. ఒకే రొట్టె విరిచి తింటారు, పిల్లనివ్వడం దగ్గరికి వచ్చేసరికి మనుధర్మం అడ్డం వస్తుంది. కాళ్ళకు దీపం వుంది, కళ్ళే మూసుకున్నారు.

రాజ్యం ఈ విషయంలో చర్చికంటే పెద్ద కపటి. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందువులకు తప్ప ఆ హోదా లేదన్నది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చి సవరించారు. దళిత క్రైస్తవులకు కూడా యివ్వాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసినా వాళ్ళను చేర్చలేదు. బాప్తిస్మం తీసుకోగానే అంటరానితనం పోతుందని చట్టం నమ్ముతుంది. ఊరు నమ్మదు. 1985 జూలై 17న కారంచేడులో తాగే నీళ్ళ చెరువు దగ్గర మొదలైన తగాదా చివరికి మాదిగపల్లె మీద దాడి అయి ఆరుగురిని చంపినప్పుడు, 1991 ఆగస్టు 6న చుండూరులో మాలలను ఎనిమిదిమందిని నరికినప్పుడు, ఎవరు ఆదివారం ఎక్కడికి పోతారని హంతకులు అడగలేదు. ఆ పల్లెల్లో బైబిలు చదివే యిళ్ళు యెన్నో వున్నాయి. అందుకే ఆ యిళ్ళల్లో చాలామంది బడి రికార్డులో ఒక పేరు, చర్చి రికార్డులో మరో పేరు పెట్టుకుని బతుకుతున్నారు. విచారణకు వచ్చినవాడి కంట పడకుండా దారి చూపే పుస్తకాన్ని చాటున పెట్టుకోవలసిన గతి పట్టింది. ఈ అన్యాయం మీద మనం పెట్టిన సభలెన్ని? చేసిన తీర్మానాలెన్ని? ఆ మాత్రం చెయ్యకుండా, వాళ్ళ చేతిలో పుస్తకం లాక్కోవడానికి మాత్రం మనకు ఏ అధికారం వుంది?

"అయితే మతాన్ని వెనకేసుకొస్తున్నావా?" అని అడుగుతారు. లేదు. ఆ పుస్తకంలోనే కనాను దేశస్థులను ఊచకోత కొయ్యమన్న పుటలున్నాయి, స్త్రీని సంఘంలో నోరు మూసుకోమన్న పుటలున్నాయి, పారిపోయిన దాసుణ్ణి యజమాని దగ్గరికి తిప్పి పంపే ఫిలేమోను పత్రిక వుంది. వాటిని దాచే ఉదారవాద బోధకుడితో కూడా నాకు పేచీయే. కూలి రేటు పెరగాలంటే ప్రార్థన చాలదు, సంఘం కావాలి. ఆ మాట ఆమెకు చెప్పాలి. కాని చెప్పడానికి ముందు ఆమె పక్కన కూర్చోవాలి కదా! అక్షరం ముట్టనివ్వని సమాజంలో తనంతట తాను చదువుకున్న మొదటి పుస్తకం అది. ఆమె వేలు పెట్టి కూడబలుక్కున్న ప్రతి అక్షరం ఒక నిషేధాన్ని చెరిపింది. అది చూడలేనివాడు ఎన్ని గ్రంథాలు చదివినా నిరక్షరాస్యుడే.

ఆ విద్యార్థి మళ్ళీ కనిపిస్తే నేను చెప్పదలుచుకున్నది ఇది. మీ అమ్మ పుస్తకం మూయించకు బాబూ. ఈ వారం ఆమెకు రావలసిన కూలి పూర్తిగా వచ్చిందో లేదో ముందు అడుగు. రాకపోతే ఆ రాత్రి యాకోబు పత్రిక 5వ అధ్యాయం ఆమెనే పైకి చదవమను. వీధిలో తనతో కూలికి పోయేవాళ్ళనూ పిలవమను. చదవడం అయ్యాక దాని మీద ప్రసంగం చెయ్యకు. రేపు ఎవరెవరం కలిసి కామందు దగ్గరికి పోవాలో మాట్లాడుకోండి. ఎవరూ నవ్వకుండా చూసే పని మాది.