పొట్టి కాళ్ల ఉంగరాల పిల్లి

వీవింగు డిపార్టుమెంటులో నాతో రాత్రి షిఫ్టు చేసిన స్నేహితుడి మనవరాలు పోయిన నెల ఒక ఆదివారం ఫోను పట్టుకొని ఇంటికొచ్చింది. "తాతా, ఈ పిల్లిని చూడు" అంది. చూస్తే కాళ్లు బెత్తెడంత, ఒళ్లంతా ఉంగరాల జుట్టు. గొర్రెపిల్లో పిల్లో తెలియలేదు నాకు. స్కూకమ్ జాతి అంట. గార్మెంట్సులో కుట్టి కూడబెట్టిన డబ్బులో ఐదు వేలు అడ్వాన్సు కట్టేసింది. ఇంకో ఇరవై వేలు ఇస్తే పిల్లి ఇంటికొస్తుంది. మిల్లు గోడౌను పిల్లులకు నేను పాలు పోసేవాణ్ణని వాళ్ల తాత చెప్పుంటాడు, అందుకే నా సలహా.

నాకూ ఆ పిల్లి నచ్చింది, అబద్ధమెందుకు? చదివి తెలుసుకున్నా. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో 1990ల్లో రెండు జాతులు కలిపి దీన్ని తయారుచేసినారు. ఉంగరాల జుట్టు లాపెర్మ్ జాతిది, పొట్టి కాళ్లు మంచ్‌కిన్ జాతివి. స్కూకమ్ అంటే అక్కడి చినూక్ మాటల్లో బలమైనది అని అర్థం. పిడికెడు పిల్లికి అంత పేరు!

లాపెర్మ్ కథ మనలాంటివాళ్లకు నచ్చుతుంది. 1982లో ఆరెగాన్‌లో ఒక చెర్రీ తోట కొట్టంలో ఎలుకలు పట్టే మామూలు పిల్లి ఈనితే, అందులో ఒక కూన బోడిగా పుట్టింది. కొన్ని వారాలకు మెత్తటి ఉంగరాల జుట్టు వచ్చింది. మెలి ఎక్కువైన నూలు బాబిన్ వదలగానే చుట్టుకుపోతుంది చూడండి, అట్లా. మీసాలు, కనుబొమలు కూడా వంకరే. మెడ దగ్గర ఉంగరాలు ఎక్కువ. దానివల్ల పిల్లికి బాధేమీ లేదు. మన గోడౌనులోనూ గంజి నూలు కొరికే ఎలుకల కోసమే కదా పిల్లుల్ని ఉండనిచ్చింది.

కాళ్ల సంగతి అట్లా కాదు. 1983లో లూసియానాలో దొరికిన ఒక పొట్టికాళ్ల చూడిపిల్లి నుంచి మంచ్‌కిన్లు వచ్చినాయి. ఆ లక్షణం తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కవైపు వస్తే చాలు, కాళ్లు పొట్టివవుతాయి. రెండువైపులా వస్తే ఆ పిల్ల కడుపులోనే పోతుంది. అంటే రెండు పొట్టి పిల్లుల్ని జత కడితే, సగటున నాలుగింట ఒకటి పుట్టకముందే చస్తుంది. మిగిలిన మూడింట్లో రెండు పొట్టివి, ఒకటి మామూలు కాళ్లది. అందుకే తెలిసినవాళ్లు పొట్టిదాన్ని పొడుగుకాళ్లదానితోనే కలుపుతారు. అప్పుడు సగం పిల్లలు మామూలు కాళ్లవే. వీటిలో కొన్నింటికి వెన్ను లోపలికి వంగడం, రొమ్ము ఎముక గుంటపడటం, కీళ్లనొప్పి వస్తాయని పశువైద్యులు అంటారు. పరుగు బాగానే తీస్తాయి, అల్మారా మీదికి ఎగరడం మాత్రం కష్టం. బ్రిటన్‌లోని పాత పిల్లుల సంఘం మంచ్‌కిన్‌ను జాతిగా ఒప్పుకోలేదు. నా మట్టుకు నాకు వాళ్లదే న్యాయంగా తోస్తుంది. ముద్దు కోసం కాళ్లు కురచ చేయడమేంది?

ఇదంతా చెప్తే అమ్మాయి ముఖం చిన్నబోయింది. "మరి నా ఐదు వేలు?" అంది. అమ్మేవాణ్ణి మూడు ప్రశ్నలు అడగమన్నా. తల్లీ తండ్రీ రెండూ పొట్టివేనా? ఈతలో మామూలు కాళ్ల పిల్లలు ఎన్ని? రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషను కాగితం ఉందా? 2018 నుంచి పెంపుడు జంతువుల అంగళ్లకు అది ఉండాల్సిందే.

ఆమె నా ముందే ఫోను చేసింది. స్పీకరు పెట్టింది. "రెండూ పొట్టివే మేడం, ప్యూర్. మా దగ్గర పుట్టే ప్రతి కూనా పొట్టిదే, గ్యారంటీ" అన్నాడు అతను. కాగితం మాట ఎత్తగానే సిగ్నలు లేదన్నాడు.

అమ్మాయి ఏడవలేదు, కోపమొచ్చింది. వాళ్ల అవ్వ మాత్రం, పొద్దున మెట్ల కింద ఈనిన బూడిదరంగు పిల్లికి గిన్నెలో అన్నం పెట్టి వచ్చి, "కాళ్లు పొడుగే, ఏం చేద్దాం" అంది. ఇల్లంతా నవ్వింది, అమ్మాయి తప్ప. ఆ కూనల్లో ఒకదాన్ని పట్టుకొని చూసింది గానీ తెచ్చుకుంటానని అనలేదు. ఎనిమిది వారాలు తల్లి దగ్గరే ఉండనీ అని నేనూ బలవంతం చేయలేదు. టీకాలకు హెబ్బాళ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి పోవచ్చని మాత్రం చెప్పినా.

అడ్వాన్సు ఇంకా వెనక్కి రాలేదు. వస్తే వచ్చే నెల రాస్తా.