అనుమతి ఉన్నా అందని చికిత్స

ఓపియాయిడ్ల వ్యసనానికి చికిత్స విస్తరించాలంటే చట్టపరమైన అడ్డంకులు తొలగించి, వైద్యులకు కొన్ని గంటల శిక్షణ ఇస్తే చాలునన్న అభిప్రాయం అమెరికా ఆరోగ్య విధాన చర్చల్లో బలంగా వేళ్లూనుకొంది. నల్లమందు నుంచి వచ్చే మార్ఫిన్, హెరాయిన్‌లతో పాటు ప్రయోగశాలలో తయారయ్యే ఫెంటానిల్ వంటి మందులన్నిటినీ కలిపి ఓపియాయిడ్లు అంటారు. హాని కళ్లెదుట కనిపిస్తున్నా వాటిని మానలేని స్థితిని వైద్యశాస్త్రం ఓపియాయిడ్ వినియోగ రుగ్మతగా, అంటే చికిత్సకు లొంగే దీర్ఘకాలిక వ్యాధిగా గుర్తిస్తుంది. మాదకద్రవ్యాలు మోతాదు మించి 2021లో ఆ దేశంలో లక్ష మందికి పైగా మరణించగా, వారిలో సుమారు 80 వేల మంది మరణానికి ఓపియాయిడ్లు కారణమయ్యాయి. ఇంతటి విపత్తును ఒక ధ్రువపత్రంతో ఎదుర్కోవచ్చునని నమ్మడం ప్రాణాలు తీసే పొరపాటు.

ఈ వాదానికి ఉన్న బలాన్ని ముందుగా ఒప్పుకోవాలి. వ్యసనానికి మందుగా బుప్రెనార్ఫిన్‌ను సాధారణ క్లినిక్‌లో రాయడానికి వీలు కల్పించిన 2000 నాటి చట్టం, వైద్యుడు 8 గంటల శిక్షణ పొంది ప్రత్యేక అనుమతి తీసుకోవాలనీ, తొలిదశలో 30 మందికి మించి చికిత్స చేయరాదనీ షరతులు పెట్టింది. మధుమేహానికీ రక్తపోటుకూ లేని ఆంక్షలు ఈ ఒక్క వ్యాధికి ఉండడం రోగులను వెలివేయడమేనన్న విమర్శ న్యాయమైనది. 2022 డిసెంబరులో ఆ ప్రత్యేక అనుమతి రద్దు కావడం ఆహ్వానించదగినది. ఫ్రాన్స్‌లో 1995 నుంచి సాధారణ వైద్యులెవరైనా ప్రత్యేక అర్హత లేకుండానే ఈ మందు రాయగలిగారనీ, 1999 నాటికి అక్కడ మోతాదు మించిన మరణాలు 79 శాతం తగ్గాయనీ ఈ వాదులు చూపే ఉదాహరణ కూడా నిజమే.

అయితే అడ్డు తొలగితే చికిత్స దానంతటదే ప్రవహిస్తుందన్న నిర్ణయం ఈ నిజాల నుంచి రాదు. అనుమతి అవసరమైన కాలంలోనే దాన్ని పొందిన వైద్యుల్లో చాలామంది పరిమితికి ఎంతో తక్కువ మందికి చికిత్స చేశారు. రద్దయ్యాక మందు రాసేవారి సంఖ్య పెరిగినా, దాన్ని పొందే రోగుల సంఖ్య ఆ మేరకు పెరగలేదు. ఫ్రాన్స్‌లోనైతే ఆ వైద్యుడి వెనుక అందరికీ వర్తించే ఆరోగ్య బీమా, రోగికి రోజువారీ మోతాదును కళ్లెదుటే ఇవ్వగల ఫార్మసిస్టు, సలహా ఇచ్చే తోటి వైద్యుల బృందాలు ఉన్నాయి. అనుమతి అక్కరలేకపోవడం ఒక్కటే కాదు, ఒంటరితనం లేకపోవడం కూడా అక్కడి విజయానికి కారణం.

వైద్యుడు ఎక్కడ తడబడతాడో చూస్తే ఈ మాట స్పష్టమవుతుంది. బుప్రెనార్ఫిన్ మెదడులోని ఓపియాయిడ్ గ్రాహకాలను గట్టిగా పట్టుకుని, వాటిని పాక్షికంగా మాత్రమే ప్రేరేపిస్తుంది. అందుకే ప్రమాదం తక్కువ, అందుకే ఆరంభం క్లిష్టం. శరీరంలో ఇంకా ఫెంటానిల్ ఉండగా ఇస్తే, అది దాన్ని తోసివేసి, మత్తు మానినప్పుడు కలిగే వాంతులు, ఒళ్లునొప్పులు, వణుకు వంటి బాధలను ఒక్కసారిగా తెచ్చిపెడుతుంది. ఫెంటానిల్ కొవ్వులో నిలవ ఉండి నెమ్మదిగా వెలువడుతుంది గనుక ఎంతసేపు ఆగాలి, అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలా, మూత్రపరీక్షలో కొకైన్ కనిపిస్తే మందు ఆపకుండా ఏం చేయాలి, గర్భిణికి, శస్త్రచికిత్సకు వెళ్లే రోగికి మోతాదు ఎలా సర్దాలి అన్నవి రోగి ఎదుట కూర్చున్నప్పుడే పుట్టే ప్రశ్నలు. ముందే ముగిసిన తరగతి వాటికి జవాబివ్వలేదు. ఫోన్ ఎత్తే అనుభవజ్ఞుడు ఇవ్వగలడు.

ఇది కేవలం ఊహ కాదనడానికి న్యూ మెక్సికో సాక్ష్యం. హెపటైటిస్ సి రోగులు ఆల్బకర్కీలోని విశ్వవిద్యాలయ క్లినిక్ కోసం నెలల తరబడి వేచి ఉండాల్సిన స్థితిలో, డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో ప్రాజెక్ట్ ఎకో ప్రారంభించారు. నిపుణుల బృందం గ్రామీణ క్లినిక్‌లతో, జైళ్లతో క్రమం తప్పకుండా వీడియోలో కలుస్తుంది. స్థానిక వైద్యుడు పేరు చెప్పకుండా తన రోగి సమస్యను వివరిస్తాడు. అందరూ చర్చించి దారి చూపుతారు, చికిత్స మాత్రం అతడి చేతిలోనే ఉంటుంది. 2011లో వెలువడిన పరిశోధనలో విశ్వవిద్యాలయ క్లినిక్‌లో 57.5 శాతం, ఎకో క్లినిక్‌లలో 58.2 శాతం మందికి వ్యాధి నయమైనట్లు తేలింది. వ్యసన చికిత్సకూ విస్తరించిన ఈ పద్ధతిని బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ భారతీయ వైద్యుల కోసం అనుసరిస్తోంది.

మార్గదర్శనం వైద్యుడికి మాత్రమే పరిమితమైతే అదీ సగం పనే. రోగి మొదట కలిసేది రిసెప్షన్‌లో కూర్చున్న ఉద్యోగిని. ఆ ఒక్క చూపులో తిరస్కారం కనిపిస్తే అతడు మళ్లీ రాడు. మసాచుసెట్స్‌లో బోస్టన్ మెడికల్ సెంటర్ రూపొందించగా రాష్ట్రమంతటా విస్తరించిన పద్ధతిలో నర్సే రోగి బాధ్యత తీసుకుని, మందు ఆరంభం నుంచి తదుపరి కలయికల దాకా వెన్నంటి ఉంటుంది. వైద్యుడి భయం తగ్గేది, అతడి సమయం మిగిలేది అప్పుడే.

మార్గదర్శనం తప్పనిసరి చేస్తే మరో అడ్డుగోడ కడుతున్నట్లే కదా అన్న ఆక్షేపణ వస్తుంది. మార్గదర్శనాన్ని షరతుగా పెట్టమని ఎవరూ కోరడం లేదు. మొదటి రోగి వచ్చిన రోజునే మందు మొదలుపెట్టి, అదే రోజు సలహా అందే ఏర్పాటు కోరుతున్నారు. 2023 జూన్ నుంచి నియంత్రిత మందులు రాసే వైద్యులు ఒకసారి 8 గంటల శిక్షణ పొందాలన్న నిబంధన వచ్చింది. పాత అనుమతిని తీసివేసిన చట్టమే పాత నమ్మకాన్ని అలాగే నిలిపింది. మోతాదు మించి బతికి బయటపడినవారిలో బుప్రెనార్ఫిన్ పొందినవారి మరణాలు మూడోవంతుకు మించి తక్కువగా ఉన్నాయని మసాచుసెట్స్ పరిశోధన 2018లోనే చూపింది. అంతటి ఫలితమున్న మందు క్లినిక్ అల్మారాలో ఉండి రోగికి అందకపోతే, లోపం మందుదీ కాదు, రోగిదీ కాదు. కనుక ప్రభుత్వాలు శిక్షణ పొందినవారిని లెక్కించడం మాని, చికిత్సలో నిలిచిన రోగులను లెక్కించాలి. మార్గదర్శి వెచ్చించే గంటకూ, నేర్చుకునే నర్సు వెచ్చించే గంటకూ వేతనం చెల్లించి, దాన్ని దానధర్మంగా కాక వైద్యంలో భాగంగా గుర్తించాలి.