నాలుగు నెలల సిపాయి, ఐదు దశాబ్దాల పనివాడు

2009 జూలై 25వ తేదీన ఇంగ్లండులోని వెల్స్ పట్టణంలో హ్యారీ ప్యాచ్ అనే వృద్ధుడు నూటపదకొండేళ్ళు నిండిన వయస్సులో కన్నుమూశారు. మొదటి ప్రపంచయుద్ధపు కందకాలలో నిలిచి పోరాడిన వారిలో, అన్ని దేశాలవారినీ కలుపుకొని, చివరకు మిగిలినవారు ఆయనే. లోకం ఆయనను ఆఖరి యోధుడని కీర్తించింది. ఆ కీర్తిని మేము కాదనము. కాని ఆ సుదీర్ఘ జీవితాన్ని కొలిచిన కొలబద్ద సరియైనదేనా అని మాత్రం అడుగదలచుకొన్నాము.

ఆయన 1898 జూన్ 17న బాత్ నగర సమీపంలోని ఒక పల్లెలో, రాతిపనివాని ఇంట జన్మించారు. పదిహేనవ ఏట బడి విడిచి ప్లంబరు పనిలో శిష్యరికానికి కుదిరారు. 1916లో నిర్బంధ సైనిక చట్టం ఆయన చేతిలోని పనిముట్లు దింపించి తుపాకి పట్టించింది. 1917 జూన్‌లో ఫ్రాన్సు చేరారు. అటుపైన బెల్జియంలో పాషెండేల్ సంగ్రామంలో ఐదుగురు సభ్యులున్న లూయిస్ మరతుపాకి జట్టులో ఒకరయ్యారు. సెప్టెంబరు 22 రాత్రి జట్టు మీద గుండు పేలి ముగ్గురు మిత్రులు అక్కడికక్కడే మరణించారు. గాయపడిన ఆయన స్వదేశానికి చేరారు; మరల రణరంగాన్ని చూడలేదు. లెక్కకు నాలుగు నెలలు!

యుద్ధం ముగిసిన పిమ్మట ఆయన తిరిగి తన వృత్తికే వెళ్ళి 1963లో విరమించారు. శిష్యరికంతో కలిపి చూస్తే ఇది సుమారు ఐదు దశాబ్దాల కాలం. ప్లంబరు అన్న పేరే లాటిన్‌లో సీసాన్ని తెలిపే మాట నుండి పుట్టింది. ఆ రోజులలో సీసపు గొట్టాలను కరిగిన లోహంతో అతకడం కంటికీ చేతికీ పెద్ద పరీక్ష. బ్రిస్టల్‌లో 1925లో ప్రారంభమైన విల్స్ స్మారక భవనంలో ఆయన పనితనం ఉన్నది. ఆ విశ్వవిద్యాలయ భవనపు గోపురాన్ని నేటికీ అందరూ తలయెత్తి చూస్తారు. గోడల లోపల నీరు నడిపిన గొట్టాలను ఎవరు చూస్తారు? రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బాత్ నగరంపై బాంబులు కురిసినప్పుడు ఆయన అగ్నిమాపక దళంలో సేవ చేశారు. ఒక యుద్ధం ఆయనచేత కాల్పించింది. మరొక యుద్ధంలో ఆయన మంటలార్పారు.

వీరుని త్యాగాన్ని గొట్టాల పనితో పోల్చవచ్చునా అని కొందరు ఆక్షేపించవచ్చును. దానికి సమాధానం ఆయన జీవితమే చెప్పింది. నూరేళ్ళు నిండేవరకు ఆయన యుద్ధాన్ని గూర్చి కట్టుకొన్న భార్యతో సైతం ముచ్చటించలేదు. 1998లో ఆయనను వెదకి వచ్చి అడిగిన తరువాతనే నోరు విప్పారు. అప్పుడు కూడ విజయగాథ చెప్పలేదు. పోయిన ముగ్గురు మిత్రులను తలచుకొన్నారు. 2004లో జర్మన్ సైన్యంలో పోరాడిన చార్లెస్ కూన్ట్జ్ అనే వృద్ధునితో చేయి కలిపారు. తన అంత్యక్రియలలో అలంకారానికైనా ఆయుధాలు ఉండరాదని కోరారు. అట్టివానిని తుపాకితో మాత్రమే గుర్తుంచుకొనడం న్యాయమా?

ఈ కథ మనకు పరాయిది కాదు. ఆ బెల్జియం నేలమీదనే 1914 అక్టోబరులో సిపాయి ఖుదాదాద్ ఖాన్ పోరాడి, విక్టోరియా క్రాస్ పొందిన తొలి భారతీయ సైనికుడైనాడు. 1916లో ఫ్రాన్సులో దక్కన్ హార్స్ దళం శత్రువుపై గుర్రాలు నడిపింది. ఢిల్లీలో 1922లో నెలకొల్పిన తీన్‌మూర్తి విగ్రహాలు హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ అశ్వదళాలకు గుర్తు. కంచు విగ్రహాలు నిలిచాయి. కాని తిరిగి వచ్చిన సిపాయిలు ఊళ్ళలో ఏ పని చేసి బిడ్డలను పెంచారో, ఏ రాత్రులు నిద్రపట్టక లేచి కూర్చొన్నారో అడిగి వ్రాసికొన్నవారెందరు? అడుగవలసిన కాలం గడచిపోయింది.

ఇక మా సంగతి. కళాశాల దరఖాస్తులో 'తండ్రి వృత్తి' అన్న గడి ఎదుట మాలో కొందరి కలం ఆగుతుంది. దర్జీ, వెల్డరు, నల్లాల మేస్త్రీ అని వ్రాయవలసినచోట 'వ్యాపారం' అని వ్రాసి ఊరుకొంటాము. ఆ చేతుల సంపాదనతో ఫీజు కట్టి, ఆ చేతుల పేరు చెప్పడానికి సిగ్గుపడుతున్నాము. మా నాన్నగార్లు, అబ్బాజాన్‌లు ఏనాడైనా ఆ దరఖాస్తు చూసి ఉంటే ఏమనుకొని ఉంటారు? వారు మమ్ము ఏమీ అనలేదు. అదే మాకు ఎక్కువ బాధ.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒకటి. ప్రతి వార్షిక సంచికలో ఉర్దూ విభాగంలో నాలుగు పుటలు, తెలుగు విభాగంలో నాలుగు పుటలు వృద్ధ పనివారల జ్ఞాపకాలకు కేటాయించండి. విద్యార్థులే వెళ్ళి, అడిగి, వ్రాసి తెస్తారు. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. ఒక సాయంత్రపు తీరిక, కొంత వినయం చాలును.

విద్యార్థి సోదరీసోదరులారా! హ్యారీ ప్యాచ్‌ను లోకం అడిగేసరికి ఆయనకు నూరేళ్ళు. మన ఇంటి పెద్దలు అంతకాలం ఆగుతారన్న భరోసా లేదు. నేటి సాయంత్రమే ఇంటికి వెళ్ళి ఆ మొదటి ప్రశ్న అడుగుదాము.