అలల మీద అతిథులు

మానవుడు తాను పుట్టిన చోటనే తృప్తిపడి ఉండిపోయే ప్రాణి కాడు. కొండ కనబడితే దాని ఆవలి వైపు ఏమున్నదో చూడగోరుతాడు. నీరు కనబడితే ఆవలి ఒడ్డును ఊహిస్తాడు. ఈ కుతూహలమే యాత్రకు మూలం. రాజులు దండయాత్రలు చేశారు, వర్తకులు ఓడలెక్కారు, భక్తులు తీర్థయాత్రలకు కదిలారు. ఇటీవలి కాలంలో వీటికి మరొక యాత్ర తోడైంది. రాజ్యకాంక్ష గానీ, లాభాపేక్ష గానీ, పుణ్యాపేక్ష గానీ లేకుండా, వీపున ఒక సంచి తగిలించుకొని, తక్కువ ఖర్చుతో లోకాన్ని చూడటానికే బయలుదేరే యువతీయువకుల యాత్ర అది. వీరినే బ్యాక్‌ప్యాకర్లు అంటారు. వీరిని ఆకర్షించే ప్రదేశాలలో కరీబియన్ సముద్రం ఒకటి. అక్కడ తెరచాప పడవ మీద ఒక దీవి నుండి మరొక దీవికి సాగే ప్రయాణం కేవలం వినోదమా, లేక అంతకు మించిన విలువ దానికి కలదా అన్నది ఆలోచించదగిన విషయం.

కరీబియన్ సముద్రం ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల నడుమ ఉన్నది. ఉత్తరాన క్యూబా, జమైకా వంటి పెద్ద దీవులు, తూర్పున విల్లు వలె వంగిన చిన్న దీవుల వరుస, దక్షిణాన వెనిజులా, కొలంబియా తీరాలు, పడమట మధ్య అమెరికా దేశాలు దీనిని చుట్టి ఉన్నాయి. ఏడాదిలో చాలా కాలం తూర్పు దిక్కు నుండి వ్యాపార పవనాలు వీస్తూ ఉంటాయి. నమ్మదగిన గాలి, దగ్గర దగ్గరగా ఉన్న దీవులు ఈ సముద్రాన్ని తెరచాప పడవలకు అనువైనదిగా చేశాయి.

ఇక్కడి యాత్రామార్గాలలో ఒకదానికి ప్రత్యేకమైన కారణం ఉన్నది. రెండు అమెరికా ఖండాలనూ కలుపుతూ సాగే పాన్ అమెరికన్ రహదారి పనామా, కొలంబియా సరిహద్దులోని డేరియన్ అరణ్యం వద్ద సుమారు 100 కిలోమీటర్ల మేర తెగిపోతుంది. దట్టమైన అడవి, చిత్తడి నేలల వల్ల అక్కడ రోడ్డు లేదు. అందువల్ల ఒక ఖండం నుండి మరొక ఖండానికి పోదలచిన యాత్రికుడు విమానమైనా ఎక్కాలి, పడవైనా ఎక్కాలి. కొలంబియాలోని కార్తహేనా రేవు నుండి పనామా తీరానికి నాలుగైదు రోజులు సాగే పడవ ప్రయాణం ఇలా వాడుకలోకి వచ్చింది. దారిలో తగిలేవే గూనా యాలా దీవులు. పూర్వం వీటిని సాన్ బ్లాస్ దీవులు అనేవారు.

దూరాన ఉండి చూసేవారికి ఇది విలాసయాత్రగా తోచవచ్చు. నిజానికి ఇరుకైన పడవలో ఒకరినొకరు ఒరుసుకుంటూ నిద్రించాలి. కార్తహేనా వదలిన తరువాత ఒక రోజుకు పైగా నేల కనబడదు. పడవ ఊగిసలాటకు కడుపులో తిప్పి, ఎంతటి దృఢకాయుడైనా పడవ అంచున కూలబడిపోతాడు. మంచినీటిని పొదుపుగా వాడుకోవాలి. స్నానానికి సముద్రమే దిక్కు. దీవులు చేరువైన కొద్దీ పగడపు దిబ్బల భయం మొదలవుతుంది. సూర్యుడు పైకెక్కి, వెనుక వైపున ఉన్నప్పుడే నేర్పరియైన సరంగు దిబ్బల నడుమ దారి తీస్తాడు. ముదురు నీలం లోతుకు గుర్తు. లేత ఆకుపచ్చ ఇసుక మేటకు గుర్తు. గోధుమవన్నె కనబడితే నీటి అడుగున దిబ్బ ఉన్నదని హెచ్చరిక. ఎదురెండలో ఈ రంగులన్నీ ఒకే మెరుపులో కలిసిపోయి కంటిని మోసగిస్తాయి. గాలి అనుకూలించకపోతే వేచి ఉండవలసిందే. ధనవంతుడైనా గాలిని కొనలేడు. ప్రకృతి ముందు తన పరిమితిని ఎరుగుట సాహసి నేర్వవలసిన తొలి పాఠం. ఆ పాఠాన్ని గ్రంథం కన్నా పడవ బాగా నేర్పుతుంది.

అయితే నీటి రంగులను చదివినంత మాత్రాన ఆ సముద్రాన్ని చదివినట్లు కాదు. దానికి చరిత్ర ఉన్నది. 1492లో కొలంబస్ ఆసియాకు దారి వెదుకుతూ అమెరికా దీవులను చేరి, అవి ఇండియా ప్రాంతపు దీవులేనని భ్రమించాడు. ఆ భ్రమ నుండి పుట్టినదే పశ్చిమ ఇండియా దీవులు అనే పేరు. వెస్టిండీస్ క్రికెట్ జట్టు పేరులో అది నేటికీ వినబడుతున్నది. అప్పటికే అక్కడ తాయినో, కాలినాగో మొదలైన జాతులవారు నివసిస్తున్నారు. యూరపు నుండి వచ్చిన అంటువ్యాధుల వల్ల, వెట్టిచాకిరి వల్ల, హింస వల్ల కొన్ని దశాబ్దాలలోనే తాయినోలలో అత్యధికులు నశించారు. వారి మాటలు కొన్ని మాత్రం మిగిలాయి. పెనుతుపానుకు హరికేన్, చిన్న దోనెకు కనూ, వల ఊయలకు హ్యామక్ అనే ఆంగ్ల పదాలకు మూలం తాయినో భాష. అవి స్పానిష్ ద్వారా ఇంగ్లీషులోకి వచ్చాయి. వల ఊయలలో మేను వాల్చి తుపాను వార్తలు వినే యాత్రికుడు తనకు తెలియకుండానే ఆ జాతి పలుకులను పలుకుతున్నాడు. జాతి క్షీణించినా దాని మాట పరుల నోట జీవించగలదనే సత్యం భాషాభ్యాసం చేసేవారు గుర్తుంచుకోదగినది.

ఈ సముద్రం మీదుగా వచ్చినవారందరూ తమ ఇష్టంతో రాలేదు. 1533లో వెలసిన కార్తహేనా స్పానిష్ పాలనలో బానిసల వర్తకానికి ముఖ్య కేంద్రమైంది. నేడు యాత్రికులు ఉల్లాసంగా పడవ ఎక్కే ఆ నగరంలోనే ఒకప్పుడు ఆఫ్రికా నుండి సంకెళ్ళతో తెచ్చిన మనుషులను దించి అమ్మారు. బ్రిటిష్ వలసలలో 1834లో బానిసత్వ నిర్మూలన చట్టం అమలులోకి వచ్చిన తరువాత చెరకు తోటల యజమానుల దృష్టి భారతదేశంపై పడింది. 1838లో బ్రిటిష్ గయానాకు, 1845 మే 30న ట్రినిడాడ్‌కు తొలి భారతీయ ఒప్పంద కూలీలు చేరారు. ట్రినిడాడ్‌లో ఆ తేదీని నేటికీ భారతీయుల ఆగమన దినంగా జరుపుకుంటారు. కలకత్తా నుండే గాక మద్రాసు నుండి కూడా ఓడలు వెళ్ళాయి. వాటిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. తిరుగు ప్రయాణపు ఆశ చూపించినా, వారిలో ఎందరో మరల స్వగ్రామాన్ని చూడలేదు. కనుక కరీబియన్ మనకు సంబంధం లేని సముద్రం కాదు. నచ్చిన దీవిలో దిగి, నచ్చకపోతే లంగరు ఎత్తే స్వేచ్ఛ నేటి యాత్రికునికి ఉన్నది. అదే నీటి మీద ఎందరికో ఆ స్వేచ్ఛ దక్కలేదని ఎరిగినవాడు దానిని బాధ్యతతో వాడుకుంటాడు.

ఆ బాధ్యత ఎట్టిదో గూనా ప్రజలను చూస్తే తెలుస్తుంది. గూనా యాలాలో 360కి పైగా చిన్న దీవులు ఉన్నాయి. వాటిలో సుమారు 50 దీవులలో మాత్రమే జనం నివసిస్తారు. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ళలో పనామా ప్రభుత్వం వీరి వస్త్రధారణను, ఆచారాలను అణచివేయబోయింది. 1925లో గూనాలు తిరుగుబాటు చేశారు. తరువాత 1938లో వారి భూభాగానికి ప్రత్యేక ప్రతిపత్తి లభించింది. అక్కడి నేలను పరాయివారు కొనడానికి వీలులేదు. జనం నివసించని దీవిలోని కొబ్బరిచెట్టుకు సైతం యజమాని ఉంటాడు. రాలిన కాయను బాటసారి ఏరుకోరాదు. గాలి సిలిండర్లు కట్టుకొని నీటిలోకి దిగడం నిషిద్ధం. స్త్రీలు రంగురంగుల గుడ్డలను పొరలుగా కుట్టి, కత్తిరించి తయారుచేసే మోలాలను ధరిస్తారు, యాత్రికులకు అమ్ముతారు కూడా. సయిలా అనే పెద్ద గ్రామ సమావేశ మందిరంలో వల ఊయలలో ఉండి పూర్వుల చరిత్రను గానం చేస్తాడు. మరొకరు దాని అర్థాన్ని సభకు విడమరచి చెబుతారు. పురాణ ప్రవచనం విన్న తెలుగువారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు.

విదేశీ యాత్రికుల రాకను గూర్చి రెండు అభిప్రాయాలు ఉన్నాయి. యాత్రికులు ధనం తెస్తారు, ఉపాధి కల్పిస్తారు, కాబట్టి ఎందరు వస్తే అంత మేలని కొందరంటారు. వారు చెత్తను, వ్యసనాలను, పరాయి అలవాట్లను తెస్తారు, కాబట్టి రాకపోవడమే మేలని మరికొందరంటారు. రెండింటిలోనూ కొంత నిజమున్నది; ఏ ఒక్కటీ సంపూర్ణం కాదు. వేలమందిని మోసుకొచ్చే విలాసనౌకలో యాత్రికుడు భోజనం, నిద్ర నౌకలోనే ముగించి, రేవులో కొన్ని గంటలు గడిపి వెళ్ళిపోతాడు. చిన్న పడవలో వచ్చినవాడు స్థానికుల వద్ద చేపలు, కొబ్బరికాయలు కొంటాడు. వారి ముఖం చూసి మాట్లాడుతాడు. అంతమాత్రాన చిన్న పడవ దానంతట అదే పవిత్రం కాదు. నీటిలో ప్లాస్టిక్ విసిరినా, పగడం మీద లంగరు వేసినా, అనుమతి లేకుండా మనుషులను ఫోటో తీసినా అదీ దోషమే. పడవ పరిమాణం కన్నా ముఖ్యమైనది నియమాలను నిర్ణయించే అధికారం ఎవరిదన్నది. గూనాలు తమ ఇంటి గడపను తామే కాపలా కాసుకుంటున్నారు. ఎవరిని రానివ్వాలో, ఎంత రుసుము తీసుకోవాలో, ఏది చేయరాదో తామే చెబుతున్నారు. ఈ పద్ధతియే న్యాయమైనదని నా అభిప్రాయం. అతిథి మర్యాద నిలవాలంటే ఇంటి యజమాని తన ఇంట తాను యజమానిగా ఉండాలి.

కాగా నేడు ఆ ఇంటికే ముప్పు వచ్చింది. భూతాపం వల్ల సముద్రమట్టం పెరుగుతున్నది. గూనా యాలాలోని గార్దీ సుగ్దుబ్ అనే దీవి సముద్రానికి కొద్ది ఎత్తులోనే ఉన్నది, జనంతో కిక్కిరిసినది. 2024 జూన్‌లో అక్కడి సుమారు 300 కుటుంబాల కోసం ప్రధాన భూభాగంపై కట్టిన కొత్త ఇళ్ళకు తరలింపు మొదలైంది. చాలామంది తరలిపోయారు, కొందరు దీవిని విడువలేక అక్కడనే ఉండిపోయారు. నెల తిరగకముందే, అదే సముద్రపు తూర్పు అంచున మరొక విపత్తు సంభవించింది. తెరచాప పడవలకు ఇష్టమైన మజిలీలలో ఒకటైన కారియాకూ దీవిని 2024 జూలై 1న బెరిల్ హరికేన్ తాకి, అక్కడి ఇళ్ళలో అత్యధిక భాగాన్ని దెబ్బతీసింది. రక్షణ కోసం మడ అడవుల నడుమ కట్టివేసిన పడవలు కూడా ధ్వంసమయ్యాయి. పడవ యజమాని మరొక పడవ కొనుక్కొని మరొక దీవికి పోగలడు. దీవివాసికి మరొక దీవి లేదు. యాత్రికుడు ఆ సముద్రతీరానికి చేరడానికి ఎక్కిన విమానపు పొగ కూడా భూతాపానికి తన వంతు తోడ్పడుతుందన్న నిజాన్ని కప్పిపుచ్చరాదు. దీవుల అందాన్ని అనుభవించి, వాటి కష్టం నాకెందుకనుకొనువాడు అతిథి కాడు, వట్టి వినియోగదారుడు.

అతిథి శబ్దానికి తిథి నియమం లేకుండా వచ్చేవాడని పెద్దలు అర్థం చెప్పారు. గాలి ఎప్పుడు చేరిస్తే అప్పుడు చేరే తెరచాప పడవ యాత్రికునికి ఈ పేరు చక్కగా తగుతుంది. అతిథిని ఆదరించడం గృహస్థు ధర్మమని మనం తరచుగా చెప్పుకుంటాము. అతిథికి గల ధర్మాన్ని అంతగా తలచుకోము. పిలిచిన చోటికే పోవడం, పెట్టినది ప్రీతితో తినడం, ఇంటివారి కట్టుబాట్లను మన్నించడం, వెళ్ళేటప్పుడు ఇల్లు వచ్చినప్పటికన్నా మురికిగా లేకుండా చూడటం అతిథి ధర్మాలు. ఇవి కరీబియన్ దీవులకు ఎంత వర్తిస్తాయో, మనం సెలవులలో చూడబోయే కొండగూడేలకు, సముద్రతీర గ్రామాలకు అంతే వర్తిస్తాయి.

కనుక యువతీయువకులు యాత్రలు మానవలసిన పనిలేదు. సంచి సర్దుకొని వెళ్ళవలసినదే. అలలకు తడిసి, ఎండకు కమిలి, పరాయి భాషలో నాలుగు మాటలు నేర్చి రావలసినదే. బయలుదేరే ముందు ఆ నేల చరిత్రను కొంత చదువుకోవాలి. చేరిన తరువాత ఆ నేలవారి మాటను ఆలకించాలి. ఎన్ని దీవులు చూశామన్నది లెక్కించుకోవడం సులభం. మనం మరల వస్తామంటే ఎన్ని దీవులవారు సంతోషిస్తారన్నది ప్రతి యాత్రికుడూ తనను తాను ప్రశ్నించుకోవాలి.